వాగు దగ్గర తూనీగలు, పురుగుల ఫొటోలు: తల బాగుంటే తోక మసక. చిన్నవాటిని అతి దగ్గరగా తీసే మాక్రో లెన్స్ కొనాల్సిందేనా?

రంప_మాస్టారు:

అందరికీ నమస్కారం. రంపచోడవరం ఏజెన్సీలో ఒక ప్రభుత్వ హైస్కూల్లో బయాలజీ చెబుతాను. మా బడి వెనకే ఒక వాగు. వేసవిలో చీలమండ కూడా తడవదు, వానల్లో మాత్రం అవతలి ఊరి పిల్లల్ని బడికి రానివ్వదు. మిగతా రోజుల్లో పిల్లల ఆటస్థలం అదే. తొలకరి పడిందంటే ఆరుద్ర పురుగుల్ని అగ్గిపెట్టెల్లో వేసుకొస్తారు. కొమ్ము పురుగుకి దారం కట్టి బెంచీ మీద నడిపిస్తారు. "దీని పేరేంటి సార్?" అంటే సగం నాకూ తెలియవు. ఈ దసరా సెలవుల్లో మా వాగు పురుగులన్నిటినీ ఫొటోలు తీసి, సెలవులయ్యాక వరండా గోడకి పెద్ద చార్టు కట్టాలని నా ఆలోచన.

మా బావమరిది పాత కేనన్ కెమెరా ఒకటి ఇచ్చాడు. క్రాప్ సెన్సర్ బాడీ, అంటే సెన్సర్ కాస్త చిన్నది. దాంతో 18-55, 55-250 మిల్లీమీటర్ల లెన్స్‌లు వచ్చాయి. ఫోను మామూలుదే. పోయిన వారం వాగు మధ్యలో రాయి మీద ఒక తూనీగ వాలింది. రెక్కలు ముడుచుకుంటే చాక్లెట్ రంగు, ఎగిరినప్పుడు ఒక్కసారిగా నెమలి పింఛం పచ్చదనం. ప్యాంటు మోకాళ్లదాకా మడిచి నీళ్లలోకి దిగి దగ్గరికి వెళ్లేసరికి ఎగిరిపోయింది. వచ్చిన రెండు మూడు ఫొటోల్లో తల స్పష్టంగా ఉంటే తోక మసక, తోక స్పష్టంగా ఉంటే తల లేదు. కెమెరాలోని ఫ్లాష్ వేస్తే ఒంటి మీద తెల్లటి చుక్కలు పడ్డాయి తప్ప ఆ పచ్చ రంగు జాడే లేదు.

రాజమండ్రిలో కెమెరా షాపు ఆయన్ని అడిగితే "మాక్రో లెన్స్ లేకుండా పురుగులు రావండి" అని తేల్చేశాడు. నా దగ్గర ఎక్కువలో ఎక్కువ 15 వేలున్నాయి. లెన్స్ కొనాల్సిందేనా? వాటి దగ్గరికి ఎలా వెళ్లాలి? ఇంకొకటి, నీళ్లలో రాళ్ల కింద ఉండేవాటిని పిల్లలకి చూపించి ఫొటో తీయడానికి పద్ధతేదైనా ఉందా? తెలిసినవాళ్లు చెప్పండి.


గెడ్డ_ఒడ్డు:

మాస్టారూ, ఆ 15 వేలు ముందు జేబులోనే ఉంచండి. అనంతగిరి, అరకు వైపు గెడ్డల (మా వైపు వాగుని గెడ్డ అంటాం) వెంట తిరగడం నాకు బ్యాంకు ఉద్యోగంలో ఉన్నప్పటి నుంచీ అలవాటు. రిటైరయ్యాక అదే పని అయింది. నా దగ్గర మాక్రో లెన్స్ ఉంది. అయినా తూనీగలకి మాత్రం ఎక్కువగా మీ దగ్గరున్న 55-250నే వాడతాను.

ఎందుకో లెక్క చెబుతాను, పిల్లలకి కూడా పనికొస్తుంది. మీ కెమెరా సెన్సర్ వెడల్పు 22 మిల్లీమీటర్ల పైచిలుకు. ఆ లెన్స్‌ని 250 దగ్గర పెట్టి అది ఫోకస్ పట్టే అతి దగ్గరి దూరంలో తీస్తే ఫ్రేములో 7-8 సెంటీమీటర్ల వెడల్పు పడుతుంది. మీరు చూసింది నా అంచనాలో నియూరోబేసిస్ చైనెన్సిస్, స్ట్రీమ్ గ్లోరీ అంటారు. దాని పొడవు దాదాపు 6 సెంటీమీటర్లు. అంటే ఉన్న లెన్స్‌తోనే ఫ్రేము నిండిపోతుంది. పైగా మీరు దానికి ఇంచుమించు మీటరు దూరంలో ఉంటారు. మాక్రో లెన్స్ పట్టుకుని జానెడు దూరానికి వెళ్లి దాన్ని బెదరగొట్టాల్సిన పని లేదు.

ఇక తోక మసక సంగతి. ఆ దూరంలో ఎఫ్/11 పెట్టినా, అంటే లెన్స్ రంధ్రం బాగా చిన్నది చేసినా, స్పష్టంగా వచ్చే మందం 5-6 మిల్లీమీటర్లు. మీరు తూనీగకి ఎదురుగానో ఏటవాలుగానో నిలబడితే తల నుంచి తోకదాకా ఆ 6 మిల్లీమీటర్లలో ఎక్కడ పడుతుంది? పక్కకి జరిగి, దాని ఒళ్లు కెమెరా వెనక తెరకి సమాంతరంగా ఉండేలా కూర్చోండి. ఒళ్లంతా ఒకే దూరంలో ఉంటుంది కాబట్టి మొత్తం స్పష్టంగా వస్తుంది. ఎఫ్ నంబరు పెంచుకుంటూ పోతే బాగుపడుతుందనుకుని 22 దాకా తిప్పకండి. అక్కడ వివర్తనం వల్ల, అంటే మరీ చిన్న రంధ్రంలోంచి వచ్చే వెలుతురు చెదరడం వల్ల, ఫొటో మొత్తం మెత్తబడిపోతుంది. ఈ రకం ఫొటోలకి నేను 8, 11 దాటను.

రంగు సంగతి అసలైంది. ఆ పచ్చ రంగు వెనక రెక్కల పైవైపునే ఉంటుంది, ముందు రెక్కలు దాదాపు పారదర్శకం. రెక్కలు మూస్తే పైభాగం లోపలికి వెళ్లిపోతుంది, మీకు కనిపించేది గోధుమరంగు అడుగుభాగం. అది రంగు పదార్థం వల్ల వచ్చిన పచ్చ కాదు. రెక్క పొరల్లో వెలుతురు పడి తిరిగొచ్చే తీరు వల్ల కనిపిస్తుంది. అందుకే కోణం మారితే రంగు మారుతుంది. కెమెరా మీది బుల్లి ఫ్లాష్ వేస్తే మెరిసే ఒంటి మీద ఆ బుల్లి దీపం ప్రతిబింబాలే పడతాయి. మీ తెల్లచుక్కలు అవే. దీనికి ఫ్లాష్ ఆపేయండి. ఎండ మీ వీపు వైపు నుంచి, కొంచెం పక్కగా పడేలా చూసుకోండి. షట్టర్ 1/1000 పైన, ఐఎస్ఓ (వెలుతురుకి సెన్సర్ స్పందన) 800 నుంచి 1600, వరస ఫొటోలు తీసే మోడ్. మగది కూర్చున్నచోటే అప్పుడప్పుడు రెక్కలు విప్పి మూస్తుంది. ఇంకో మగది సరిహద్దు దాటినా, ఆడది దగ్గర వాలినా ఆ విప్పడం ఎక్కువవుతుంది. ఆడదాని రెక్కలు లేత తేనెరంగులో ఉంటాయి, అంచు మధ్యన తెల్ల మచ్చ. ఆడది ఎక్కడ వాలిందో చూసి దాని ఎదుట ఉన్న మగదానికి గురిపెట్టండి. రెక్క విప్పడం కంటికి తెలిశాక బటన్ నొక్కితే అప్పటికే మూసేసి ఉంటుంది. వేలు ముందుగానే నొక్కి ఉంచాలి.

దగ్గరికి వెళ్లడం గురించి అడిగారు. వెళ్లకండి. మగ తూనీగ తన రాయిని వదలదు. ఎగురుతుంది, అవతలివాడిని తరుముతుంది, మళ్లీ అదే రాతి మీద, చాలాసార్లు అదే మూల మీద వాలుతుంది. అది లేచిపోయినప్పుడే మీరు ఆ రాయికి మీటరు దూరంలో, నీడ రాతి మీద పడకుండా కూర్చుండిపోండి. తిరిగొచ్చి వాలాక తల ఇటూ అటూ తిప్పి చూస్తుంది. ఆ చూపు ఆగేదాకా చెయ్యి కూడా ఎత్తవద్దు. కెమెరా అప్పటికే కంటి దగ్గర ఉండాలి. దానికి అన్నిటికన్నా భయం మీద పడే నీడ, తర్వాత పక్కకి కదిలే చెయ్యి. మోకాళ్ల మీద మోచేతులు ఆనించుకుంటే ట్రైపాడ్ అక్కర్లేదు. కింద వేసుకోడానికి ఒక గోనెపట్టా చాలు. నిలబడి కిందికి తీసే ఫొటోలకంటే నీటి మట్టంలో తీసినవి ఎందుకు బాగుంటాయో ఒకసారి తీసి చూస్తే మీకే తెలుస్తుంది. వెనక నీరంతా మెత్తటి ఒకే రంగు అయిపోతుంది. నీటి మీద ఎండ తళుకులుంటే ఎక్స్‌పోజర్ ఒకటి రెండు మెట్లు తగ్గించండి, లేకపోతే అక్కడ తెల్లగా కాలిపోతుంది.

సమయం: గెడ్డ రాళ్ల మీద మొదటి ఎండ పడే వేళ. అంతకుముందు అవి ఒడ్డున ఆకుల కింద చలికి ముడుచుకుని ఉంటాయి. ఎండ పడగానే ఒక్కొక్కటే దిగుతాయి. దసరా సెలవులంటే మంచి కాలమే, వానల బురద తేరి నీళ్లు తేటపడుతుంటాయి.


హైదరాబాద్_క్లిక్స్:

మేడమ్ చెప్పింది తూనీగలకి ఓకే. మాస్టారు వాగు పురుగులన్నీ అంటున్నారు కదా, ఆరుద్ర పురుగులు, చీమలు, సాలీళ్ల లాంటివాటికి 55-250 ఒక్కటే సరిపోదు. దాని ముందు రేనాక్స్ క్లోజప్ లెన్స్ తగిలించండి, 15 వేలలో చాలా మిగులుతాయి. డీసీఆర్-150 అయితే 4.8 డయాప్టర్ (అద్దం పవరు), 250 దగ్గర సెన్సర్ మీద పురుగు అసలు సైజుకి దాదాపు 1.2 రెట్లు పడుతుంది, పురుగుకి 20 సెంటీమీటర్ల దూరంలో ఉండొచ్చు. డీసీఆర్-250 అయితే 8 డయాప్టర్, 2 రెట్లు, కానీ 12 సెంటీమీటర్లదాకా వెళ్లాలి. మొదటిసారి అయితే 150 తీసుకోండి. 250తో పురుగుని ఫ్రేములోకి తెచ్చుకునేసరికే ఓపిక అయిపోతుంది.

అంత దగ్గరలో స్పష్టంగా ఉండేది మిల్లీమీటరు కూడా కాదు. ఫోకస్ రింగ్ తిప్పకుండా మీరే ముందుకీ వెనక్కీ ఊగుతూ కన్ను స్పష్టమైన క్షణంలో నొక్కాలి. ఇక్కడ మాత్రం ఫ్లాష్ తప్పనిసరి, వెలుతురుని మెత్తబరిచే డిఫ్యూజర్ తెరతో.

ఇంకో టిప్. పురుగు కదులుతుంటే డబ్బాలో వేసి 5 నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టండి. బయటికి తీశాక కాసేపు కదలదు. ఫోకస్ కొంచెం కొంచెం జరుపుతూ ఇరవై ముప్పై ఫొటోలు తీసి, వాటిని కలిపి ఒళ్లంతా స్పష్టంగా వచ్చేలా స్టాకింగ్ చేసుకోవచ్చు. అందరూ చేసేదే.


గెడ్డ_ఒడ్డు:

రేనాక్స్ మాట నూటికి నూరు పాళ్లు ఒప్పుకుంటాను. ఫ్రిజ్ మాట మాత్రం మాస్టారి పిల్లల ముందు ఎత్తకండి బాబూ. అందరూ చెయ్యరు, చేసేవాళ్లు చెప్పుకోరు. చలికి బిగుసుకున్న పురుగు కాళ్లు లోపలికి మడిచి, మీసాలు వాల్చేసి ఉంటుంది. చూసిన కన్నుకి ఇట్టే తెలిసిపోతుంది. రాతి మీద పట్టు బిగించి నిలబడ్డ తీరు దానికి రాదు. కొన్ని తేరుకోవు కూడా. కదలని పురుగు కావాలంటే తెల్లవారకముందే లేవండి, ఆకుల మీద మంచు బిందువులతో సహా అలాగే కూర్చుని ఉంటాయి. స్టాకింగ్ ఏదైనా ఉంటే అప్పుడే.

డిఫ్యూజర్‌కి డబ్బు పెట్టకండి మాస్టారూ. స్టేషనరీ షాపులో పాల రంగు ప్లాస్టిక్ ఫైలు కవర్లు దొరుకుతాయి. అరచేతికంటే పెద్ద ముక్క కోసి, కొంచెం వంపు వచ్చేలా వంచి, కెమెరా ఫ్లాష్ ముందు నుంచి లెన్స్ కొసదాకా వాలేలా రబ్బరు బ్యాండుతో బిగించండి. ట్రేసింగ్ పేపర్ కూడా పని చేస్తుంది కానీ గెడ్డ తేమకి మెత్తబడిపోతుంది. ఆ తెర పురుగుకి ఎంత దగ్గరగా ఉంటే వెలుతురు అంత మెత్తగా పడుతుంది. మీటరు దూరంలో ఉన్న తూనీగకి అదే తెర ఎందుకూ పనికిరాదు, అందుకే దానికి ఫ్లాష్ వద్దన్నాను.

మీ ఫోనుని చిన్నచూపు చూడవద్దు. సెన్సర్ చిన్నది కాబట్టి పురుగుకి ఆనించినంత దగ్గర పెట్టినా వెనకున్న గెడ్డ, రాళ్లు, చెట్లు ఎంతో కొంత కనిపిస్తాయి. రోకలిబండో నత్తో ముందు పెద్దగా, వెనక వాగు. అలాంటి ఫొటో నా పెద్ద లెన్స్‌తో రాదు. గోడ చార్టు చూసే పిల్లలకి ఆ పురుగు ఎక్కడ బతుకుతుందో కనిపించాలి కదా. కళ్లు పెద్దవిగా కనిపించే మొహం ఫొటోలు ఫేస్‌బుక్‌లో లైకులకి పనికొస్తాయి, చార్టుకి కాదు. ఇది నా పిచ్చి అనుకోండి.


ఘాట్_జీపు:

మాస్టారూ నమస్తే అండి. మారేడుమిల్లి నుంచి చింతూరు ఘాట్‌లో జీపు తోలతాను. కెమెరాల వాళ్లని చాలామందిని తిప్పాను, కెమెరా సంగతి నాకు తెలీదు కానీ వాగు సంగతి చెప్తాను.

మీ దగ్గర ఎండ కాస్తున్నా పైన కొండ మీద వాన పడొచ్చండి. తేట నీళ్లు ఒక్కసారి ఎర్రబారినా, ఎండు ఆకులు, పుల్లలు గుంపుగా కొట్టుకొచ్చినా, వాగు చప్పుడు మారినా, ఫొటో గీటో చూడకుండా ఒడ్డెక్కెయ్యాలి. బ్యాగు అవతలి ఒడ్డున పెట్టి ఇవతల కూర్చోవద్దు. పాచి పట్టిన నల్ల రాయి మీద రబ్బరు చెప్పులు అస్సలు ఆగవు. బ్యాగులో పెద్ద ప్లాస్టిక్ కవరు ఒకటి ఉంచుకోండి, ఇక్కడ వాన చెప్పి రాదు.

వాగు పక్క పొదల్లో నడుం ఎత్తున ఆకుపచ్చ పాము చుట్టుకుని ఉంటుందండి, తల తమలపాకు ఆకారం. మీ సార్లు పిట్ వైపర్ అంటారు. మీరు కెమెరాలో కన్ను పెట్టి పక్కకి జరిగేది సరిగ్గా ఆ ఎత్తులోనే. ముందు ఒట్టి కంటితో ఆ చుట్టుపక్కల ఆకులన్నీ చూసి అప్పుడు కూర్చోండి. రాళ్లు ఎత్తేటప్పుడు మీ వైపు కాకుండా అవతలి వైపు నుంచి ఎత్తండి, ఏదైనా ఉంటే ఎదుటికి పోద్ది.

జలతరంగిణి, అమృతధార దగ్గరికి ఆదివారం వెళ్లొద్దు. బొంగులో చికెన్ పొగ, స్పీకర్ల గోల, పగిలిన సీసాలు. పురుగు కాదు కదా కప్ప కూడా ఉండదు. మంగళవారమో బుధవారమో పొద్దున్నే వస్తే అదే చోట రంగురంగుల సీతాకోకచిలుకలు తడి ఇసక మీద గుంపుగా వాలి ఉంటాయి. పాపికొండల నేషనల్ పార్కు లోపలికి అయితే ఫారెస్టు వాళ్ల పర్మిషన్ ఉండాలి. రాత్రిపూట టార్చిలేసుకుని అడవిలో తిరగాలంటే ముందే రేంజ్ ఆఫీసులో చెప్పండి, లేకపోతే చెక్‌పోస్టు దగ్గర జవాబు చెప్పుకోలేరు.


పీహెచ్‌సీ_సిస్టర్:

ఒక్క మాట. ఏజెన్సీలో మలేరియా అందరికీ తెలిసిందే, సాయంత్రం వాగు దగ్గర కూర్చునేవాళ్లు నిండు చేతుల చొక్కా వేసుకోండి, ఒంటికి దోమల క్రీము రాసుకోండి. అంతగా తెలియనిది స్క్రబ్ టైఫస్. గడ్డిలో, పొదల్లో ఉండే కంటికి ఆనని నల్లి పిల్లలు (మంచం నల్లులు కావు, మైట్స్ అంటారు) కుట్టడం వల్ల వస్తుంది. మీరు ముచ్చటపడే ఆరుద్ర పురుగులకి అవి చుట్టాలే! కుట్టినచోట నొప్పి ఉండదు. ఎక్కువగా నడుం దగ్గర, చంకలో, గజ్జల్లో నల్లటి పొక్కు కడుతుంది. అడవికి వెళ్లొచ్చిన వారం రెండు వారాల్లో జ్వరం వస్తే, అలాంటి మచ్చ ఉందేమో చూసుకుని డాక్టరుకి అడవి సంగతి కూడా చెప్పండి. తొందరగా పట్టుకుంటే మామూలు మందులతోనే తగ్గుతుంది. పిల్లల్ని తీసుకెళ్తే ఇంటికి రాగానే స్నానం, బట్టలు వేడినీళ్లలో వెయ్యడం మరిచిపోవద్దు.


రంప_మాస్టారు:

అందరికీ చాలా థ్యాంక్స్ అండి. ఇంత ఓపికగా రాస్తారనుకోలేదు. నిన్న పొద్దున గోనెపట్టా వేసుకుని కూర్చున్నాను. గెడ్డ_ఒడ్డు మేడమ్ చెప్పినట్టే అది అదే రాతికి తిరిగొచ్చింది! రెక్కలు విప్పిన ఫొటో ఒక్కటి దొరికింది. కొంచెం ఊగింది కానీ పచ్చ రంగు వచ్చింది. మా ఆవిడకి చూపిస్తే "ఇది మన వాగులోదేనా?" అంది.

పక్కనే ఇంకొకటి కనిపించింది, దీనిలో సగం ఉంటుంది. పొట్టి ఒళ్లు, రెక్కలు ఒంటికంటే పొడుగు, మొహం ముందుకి ముక్కులా పొడుచుకొచ్చి ఉంది. ఛాతీ మీద ఎర్ర మచ్చలు. దాని పేరు చెప్పగలరా? ఒక తూనీగ ఛాతీ కింద ఎర్రటి పూసల్లాంటివి అంటుకుని ఉన్నాయి, గుడ్లా అవి?

రెండో సంగతి. ఫొటోలు ఇంటర్నెట్‌లో పెడితే పేర్లు చెబుతారంటున్నారు. లొకేషన్ పెట్టొచ్చా? పిల్లలు మాత్రం "మన ఊరి పేరు పెట్టండి సార్" అని పట్టుబడుతున్నారు.


నంద్యాల_నీడ:

లొకేషన్ గురించి నేను చెబుతాను, మా వైపు ఈ బాధ తెలుసు. నీలం రంగు గుత్తి సాలీడు (గుత్తి అంటే అనంతపురం జిల్లాలో ఊరు) పేరు వినే ఉంటారు, పోసిలోథీరియా మెటాలికా. 1899లో పోకాక్ అనే శాస్త్రవేత్త దానికి పేరు పెట్టాడు. ఆ నమూనా దొరికింది గుత్తి రైల్వే కలప యార్డులో. అంటే కలపతో పాటు ఎక్కడినుంచో వచ్చింది, అసలు ఊరు అది కాదు. తర్వాత నూరేళ్లపైన ఎవరికీ కనిపించలేదు. 2001లో నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో మళ్లీ బయటపడింది. ఇప్పుడు అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంస్థ ఐయూసీఎన్ జాబితాలో అత్యంత ప్రమాదంలో ఉన్న జాతి. ముసలి చెట్ల తొర్రల్లో బతుకుతుంది, ఆ చెట్లు పోతే అదీ పోతుంది. దీనికి తోడు విదేశాల్లో పెంపుడు సాలీడుగా దానికి గిరాకీ ఉంది. ఒక్క ఫొటోలో ఏ చెట్టో తెలిసిపోతే చాలు, తొర్ర పగలగొట్టేవాడు వస్తాడు.

మీ వాగు తూనీగలకి అంత భయం లేదు. ఊరి పేరు నిక్షేపంగా పెట్టుకోండి, పిల్లల సరదా ఎందుకు కాదనాలి? ఎక్కడ ఏ జాతి ఉందో రికార్డు ఉండటం మంచిదే, తూర్పు కనుమల రికార్డులు పడమటి కనుమలంత లేవు. సాలీళ్లు, తేళ్లు, అరుదైన బీటిల్స్ అయితే మాత్రం మండలం పేరు దగ్గర ఆగండి. ఫోను ఫొటోలో జీపీఎస్ దానంతటదే చేరుతుంది, వాట్సాప్‌లో డాక్యుమెంటుగా పంపితే అది కూడా వెళ్లిపోతుంది, చూసుకోండి. జీవుల ఫొటోలు పెడితే పేర్లు చెప్పే ఐనాచురలిస్ట్ వెబ్‌సైటులో పెడితే, ప్రమాదంలో ఉన్న జాతులకి అదే కచ్చితమైన చోటు దాచేసి దాదాపు 22 కిలోమీటర్ల గడిలో ఎక్కడో చూపిస్తుంది. మిగతావాటికి కావాలంటే మీరే దాచుకోవచ్చు.

రాత్రి తేళ్లు చూడాలని మీ పిల్లలు ఎలాగూ అడుగుతారు. 365 లేక 395 నానోమీటర్ల యూవీ (అతినీలలోహిత) టార్చి వేస్తే తేలు నీలి ఆకుపచ్చగా వెలుగుతుంది. నాలుగు ఫొటోలు తీసి ఆర్పేయండి, పొద్దుపోయేదాకా దాని మీద లైటు వేసి ఉంచవద్దు. పిల్లల కళ్ల వైపు తిప్పవద్దు. పెద్ద నల్ల తేళ్లని చూసి అందరూ జడుస్తారు కానీ ప్రాణం మీదికి తెచ్చేది చిన్న ఎర్ర తేలు, చెప్పులు లేకుండా ఎవరినీ తీసుకెళ్లవద్దు.


గెడ్డ_ఒడ్డు:

మొదటి రోజే రెక్క విప్పింది దొరికిందా! ఊగితే ఊగనివ్వండి.

ముక్కున్నది స్ట్రీమ్ రూబీ అయి ఉండాలి, హీలియోసైఫా బైసిగ్నేటా (పాత పుస్తకాల్లో రైనోసైఫా). మన ద్వీపకల్ప భారతంలో తప్ప ఇంకెక్కడా లేదు, అది చార్టులో రాయండి. దాని మగది కూడా ఎండ ముక్క పడిన రాయినో నీళ్లలో తేలే కట్టెనో పట్టుకుని కూర్చుంటుంది. 3 సెంటీమీటర్లే కాబట్టి ఫ్రేములో సగమే నిండుతుంది, కత్తిరించుకోవచ్చు. ఎర్ర పూసలు గుడ్లు కావు, నీటి నల్లుల పిల్లలు. తూనీగ నీళ్లలోంచి బయటికొచ్చి రెక్క తొడిగేటప్పుడు ఎక్కి కూర్చుని రసం పీలుస్తాయి. దాన్ని కూడా ఒకటి దగ్గరగా తీయండి, అక్కడ రేనాక్స్ పనికొస్తుంది.

పేరు కావాలంటే ఒక్క అందమైన ఫొటో చాలదు. తూనీగకి పక్క నుంచి ఛాతీ చారలు, పై నుంచి మొత్తం ఒళ్లు, తోక చివర ఉండే కొక్కేలు స్పష్టంగా ఉండాలి. చాలా జాతులకి తేడా ఆ కొక్కేల దగ్గరే. సాలీడు అయితే మొహం ముందు నుంచి కళ్ల అమరిక, చీమ అయితే పక్క నుంచి నడుం. ఈ కోణాలు ముందు తీసేసి అందం సంగతి తర్వాత చూసుకోండి.

ఇక రాళ్ల కింద ఉండేవి. ఐస్‌క్రీం డబ్బా తెల్లటి మూత ఒకటి తీసుకోండి. అందులో అదే వాగు నీళ్లు ఒక సెంటీమీటరు పోయండి. పిడికిలి రెండింతల రాయిని నీళ్లలోనే మెల్లగా తిప్పి, అడుగున అంటుకుని ఉన్నవాటిని మెత్తటి పెయింటు బ్రష్‌తో మూతలోకి జార్చండి. తర్వాత ఆ రాయిని ఏ వైపు కిందికి ఉందో ఆ వైపే కిందికి పెట్టాలి, అదే గుంతలో. ఈ పని ఒక పిల్లాడికి అప్పజెప్పండి, వాడి ఉద్యోగం అదే. ఊరి వాగులో ఇది చెయ్యొచ్చు. నేషనల్ పార్కు లోపల మాత్రం అనుమతి లేకుండా చెయ్యి పెట్టకూడదు.

మూతలో ఫొటో తీస్తే ఆకాశం ప్రతిబింబం పడి ఏమీ కనిపించదు, అందరికీ ఇక్కడే విసుగొస్తుంది. మందు: నల్ల గొడుగు. ఒకరు మూత పైన గొడుగు పట్టుకోవాలి, వెలుతురు పక్క నుంచి రావాలి. నీటి ఉపరితలం నల్లబడి లోపలున్నది అద్దంలా తేలుతుంది. ఫోనుతోనే తీయండి. కొంచెం ఏటవాలుగా పట్టుకుంటే ఫోను నీడ కూడా పడదు.

చదునుగా ఉండి పొట్ట పక్కల ఈకల్లాంటి మొప్పలు ఆడిస్తూ, సాధారణంగా మూడు తోకలున్నవి మేఫ్లై పిల్లలు. రెండే తోకలుండి పొట్ట పక్కల మొప్పలు లేకపోతే స్టోన్‌ఫ్లై కావచ్చు. కొన్ని మేఫ్లైలకీ రెండే ఉంటాయి కాబట్టి తోకలు లెక్కపెట్టి ఊరుకోవద్దు, కాలి చివర గోళ్లు చూడండి. మేఫ్లైకి ఒక గోరు, స్టోన్‌ఫ్లైకి రెండు. ఇసుక రేణువులనీ ఆకు ముక్కలనీ పట్టుదారంతో అతికించుకుని గొట్టం కట్టుకున్నవి క్యాడిస్‌ఫ్లై పిల్లలు. గొట్టం కదిలిందని అరుస్తారు పిల్లలు, తల బయట పెట్టేదాకా రెండు నిమిషాలు ఊరుకోమనండి. ఎవరూ కదలకపోతే ముందు రెండు కాళ్లు, తర్వాత గోధుమరంగు తల బయటికొచ్చి, గొట్టాన్ని ఈడ్చుకుంటూ మూత అంచుదాకా వెళ్తుంది. వీడియో కూడా తీసుకోండి. ఇవి మూడూ రకరకాలుగా దొరికితే మీ వాగు నీళ్లు బాగున్నట్టు లెక్క. పై ఊరివాళ్లు బట్టలు ఉతికే రేవుకి ఎగువన ఒకసారి, దిగువన ఒకసారి ఇదే పని చేసి రెండు ఫొటోలూ చార్టులో పక్కపక్కన పెట్టండి, ఏం తేడా వచ్చిందో పిల్లలే చెబుతారు.

10 నిమిషాలకంటే ఎక్కువ మూతలో ఉంచకండి. నీళ్లు వేడెక్కితే ముందు స్టోన్‌ఫ్లైలు వాడిపోతాయి. వదిలేటప్పుడు మూతని పైనుంచి కుమ్మరించకుండా నీళ్లలో ముంచి వంచండి.


ఘాట్_జీపు:

మేడమ్, గొడుగు, మూత అన్నీ రాసుకున్నాను, ఈసారి కెమెరాల వాళ్లు వస్తే నేనే జీపులో పెడతాను. మాస్టారూ, మీ బడి ఏ వాగు దగ్గరో చెప్పకపోయినా ఫర్వాలేదు గానీ, ఈ వారం పైన వానలున్నాయంటున్నారు. పిల్లల్ని దింపేముందు ఎగువ ఊరికి ఒక ఫోన్ కొట్టి నీళ్లెలా ఉన్నాయో కనుక్కోండి.


రంప_మాస్టారు:

కనుక్కుంటానండి. ఎగువ ఊళ్లో మా పాత విద్యార్థి ఉన్నాడు, ఫోన్ చేశాను. నీళ్లు తేటగానే ఉన్నాయట, అయినా రెండు రోజులు ఆగమన్నాడు. ఈలోపు రేనాక్స్ 150 ఆర్డర్ పెడుతున్నాను. బడిలో విరిగిన నల్ల గొడుగులకి కొదవ లేదు.